శిక్షణ పూర్తయింది సరే, సామర్థ్యం పెరిగిందని దేన్నిబట్టి తేల్చాలి?

ప్రశ్న: చెలమ

అందరికీ నమస్కారం. నలభై గ్రామాల్లోని తాగునీటి కమిటీలకూ పొదుపు సంఘాలకూ అయిదేళ్లపాటు శిక్షణ ఇచ్చిన ఒక ప్రాజెక్టుకు ముగింపు మూల్యాంకనం చేసే బాధ్యత నాకు అప్పగించారు. చేతిలో నాలుగు నెలల సమయం ఉంది. ఎన్ని శిక్షణ తరగతులు జరిగాయి, ఎంతమంది హాజరయ్యారు, తరగతికి ముందూ తరవాతా పెట్టిన పరీక్షల్లో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయి అన్న వివరాలు తప్ప ప్రాజెక్టు ఫైళ్లలో మరేమీ లేవు. నిధులిచ్చిన సంస్థ మాత్రం ఒకే ప్రశ్న అడుగుతోంది: ఈ సంఘాల సామర్థ్యం పెరిగిందా, పెరిగితే ఎంత?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఇరవై అంశాలతో ఒక పరిశీలన పట్టిక తయారుచేసుకుని రెండు ఊళ్లలో వాడి చూశాను. ఆ అనుభవమే నన్ను ఇక్కడ ఈ ప్రశ్న అడిగేలా చేసింది. మొదటి ఊరి నీటి కమిటీ వాళ్లు నా ముందు పెట్టిన మినిట్స్ పుస్తకం చూడముచ్చటగా ఉంది. గట్టి అట్ట, ఎర్ర సిరాతో గీసిన మార్జిన్లు, వరస నంబర్లు వేసిన తీర్మానాలు, ప్రతి సమావేశం కింద సంతకాలు. పేజీలు తిప్పుతుంటే ముప్పై ఒక్క సమావేశాల వివరాలూ ఒకే చేతిరాతలో ఉన్నాయని గమనించాను. కమిటీ దగ్గర ఇప్పుడు నగదు ఎంత ఉందని కోశాధికారిని అడిగితే ఆమె జవాబు చెప్పలేదు, నా వెనక నిలబడి ఉన్న ప్రాజెక్టు కార్యకర్త ముఖంలోకి చూసింది. ఆ చేతిరాత ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది.

రెండో ఊళ్లో నాకు చూపించింది అట్ట ఊడిపోయిన ఒక నోటుపుస్తకం. ఏడాది మొత్తానికి నాలుగు సమావేశాలే నమోదై ఉన్నాయి, వాటిలో రెండింటికి తేదీలు లేవు. అయితే చేతిపంపు పక్కనున్న గోడ మీద బొగ్గుతో కొన్ని తేదీలూ, వాటి ఎదురుగా పేర్లూ రాసి ఉన్నాయి. పంపు ఎప్పుడు పాడైంది, బాగుచేయించడానికి ఎవరెవరు డబ్బు వేసుకున్నారు అన్న లెక్క అది. ఒక పెద్దాయన ఇంట్లోంచి చిన్న రేకు డబ్బా తెచ్చి, అందులో దాచిన అరిగిపోయిన తోలు వాషర్లను ఒక్కొక్కటిగా నా అరచేతిలో పెట్టి, ఏది ఎన్ని నెలలు నిలిచిందో చెప్పాడు. క్రితంసారి పంపు ఆగినప్పుడు మూడో రోజుకల్లా మళ్లీ నీళ్లు వచ్చాయట.

నా పట్టిక ప్రకారం మొదటి ఊరికి ఇరవైకి పద్దెనిమిది మార్కులు వచ్చాయి, రెండో ఊరికి తొమ్మిది. ఈ మార్కులను నివేదికలో పెట్టడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. అలాగని గోడ మీది బొగ్గు రాతలను నివేదికలో ఎలా చూపించాలో కూడా తెలియడం లేదు. దానికి తోడు, ప్రాజెక్టు మొదలైనప్పుడు ఈ సంఘాల స్థితి ఏమిటో నమోదు చేసిన బేస్‌లైన్ సర్వే ఏదీ జరగలేదు. సామర్థ్య నిర్మాణాన్ని మూల్యాంకనం చేసిన అనుభవం ఉన్నవారు, ఇలాంటి పరిస్థితిలో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?


సమాధానం: నాగలిచాలు

చెలమ గారూ, మీ పట్టిక రెండో ఊరిని తక్కువగా చూపడానికి కారణం మీరు అంశాలను సరిగా ఎంచుకోకపోవడం ఒక్కటే అనుకోను. శిక్షణను కొలిచే పద్ధతితో సామర్థ్యాన్ని కొలవడం మన రంగంలో చాలాకాలంగా అలవాటైపోయింది. డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ 1959లో శిక్షణ మూల్యాంకనానికి నాలుగు మెట్లు ప్రతిపాదించాడు: శిక్షణ పొందినవారికి అది నచ్చిందా, వాళ్లు ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నదాన్ని పనిలో వాడుతున్నారా, దానివల్ల సంస్థకు ఫలితం కలిగిందా. ఉద్యోగులకు ఇచ్చే శిక్షణను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ఆ చట్రం ఇప్పటికీ పనికొస్తుంది, కాదనను. కానీ అభివృద్ధి ప్రాజెక్టుల నివేదికలు చాలావరకు మొదటి రెండు మెట్ల మీదే ఆగిపోతాయి. హాజరు పట్టికలూ పరీక్ష మార్కులూ తేలిగ్గా దొరుకుతాయి. మూడో మెట్టు ఎక్కాలంటే మాత్రం తరగతి ముగిసిన ఆరు నెలల తరవాత ఊళ్లోకి వెళ్లి చూడాలి, ఆ ఖర్చును బడ్జెట్‌లో ముందుగా రాసుకున్న ప్రాజెక్టులు నాకు అరుదుగానే కనిపించాయి.

నాలుగు మెట్లూ ఎక్కినా మనకు తెలిసేది శిక్షణ పొందిన వ్యక్తుల గురించే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సామర్థ్యాన్ని మూడు స్థాయుల్లో చూడమంటుంది. ఒకటి వ్యక్తి, రెండోది సంస్థ, మూడోది ఆ రెండూ మసలే పరిసరాలు, అంటే చట్టాలు, నియమాలు, అధికార సంబంధాలు, ఆచారాలు. ఇది పుస్తకాల విభజనలా కనిపించవచ్చు గానీ ఊళ్లో నిలబడి చూస్తే చాలా స్పష్టంగా తెలుస్తుంది. కోశాధికారికి లెక్కలు రాయడం వచ్చు అనుకుందాం. సమావేశంలో లెక్క చదివి వినిపించే అలవాటు ఆ సంఘానికి లేకపోతే ఆమె నేర్చుకున్న విద్య ఆమె దగ్గరే ఉండిపోతుంది. ఆ అలవాటు కూడా ఉండి, నీటి రుసుము వసూలు చేసే అధికారం కమిటీకి ఉందని పై అధికారులు ఒప్పుకోకపోతే చదవడానికి లెక్కే ఉండదు. ఈ రెండు సందర్భాల్లోనూ శిక్షణ బాగానే జరిగింది, రెండింటిలోనూ ఊరికి ఒరిగింది లేదు. అందుకే సామర్థ్యం పెరిగిందా అని అడిగేముందు ఎవరి సామర్థ్యం, ఏ పని చేయడానికి సామర్థ్యం అన్న రెండు మాటలను ఒక్కో సంఘానికీ విడిగా రాసుకోవాలి. ఈ రెండూ తేల్చకుండా తయారుచేసిన పట్టిక దేన్ని కొలుస్తుందో దాన్ని తయారుచేసినవారే చెప్పలేరు.

సంస్థ స్థాయిలో చూడటానికి నాకు బాగా ఉపయోగపడినది ఐరోపా అభివృద్ధి విధాన నిర్వహణ కేంద్రం 2008లో ముగించిన అధ్యయనం నుంచి వచ్చిన అయిదు సామర్థ్యాల చట్రం. పూనుకుని కార్యాచరణకు దిగగలగడం, చేపట్టిన పనిని సాంకేతికంగా నెరవేర్చగలగడం, బయటివారితో సంబంధాలు పెట్టుకుని వనరులు రాబట్టుకోగలగడం, పరిస్థితి మారినప్పుడు తానూ మారగలగడం, లోపల ఎన్ని అభిప్రాయాలున్నా కలిసికట్టుగా నిలవగలగడం అన్నవి ఆ అయిదు. మీ పట్టికలోని ఇరవై అంశాలను ఈ అయిదింటి కింద సర్ది చూడండి. పదిహేనుకు పైగా రెండోదాని కిందకే, అదీ రికార్డులు రాసే పనికే చేరతాయని నా అనుమానం. బొగ్గుతో రాసిన గోడా, వాషర్ల డబ్బా మొదటిదాని కిందకీ నాలుగోదాని కిందకీ వస్తాయి, వాటికి మీ పట్టికలో గడి లేదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. నేనైతే కష్టం వచ్చిన రోజు నుంచి మొదలుపెడతాను. అన్నీ సవ్యంగా ఉన్న రోజున ఏ కమిటీని చూసినా సమర్థంగానే కనిపిస్తుంది. పంపు ఆగిపోయిన రోజు, అప్పు తీసుకున్న సభ్యురాలు వాయిదా కట్టలేకపోయిన నెల, అధ్యక్షుడి మీద అనుమానం వచ్చిన సమావేశం, ఎండలకు బావి అడుగంటిన వారం, ఇలాంటివి గడిచిన రెండేళ్లలో ఏమేం వచ్చాయో ఊరివాళ్లతో కూర్చుని ఒక వరసలో రాయించండి. ఒక్కో సంఘటన గురించి ఎవరు ముందు గమనించారు, ఎవరికి చెప్పారు, ఎవరు నిర్ణయం తీసుకున్నారు, డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఎన్ని రోజులకు చక్కబడింది, ప్రాజెక్టు మనుషులు ఏ దశలో వచ్చారు అని అడగండి. ముఖ్యంగా చివరి ప్రశ్నను మరవకండి. రెండేళ్ల కిందట పంపు పాడైతే ముందు ప్రాజెక్టు కార్యాలయానికి ఫోను వెళ్లిందనీ, ఈమధ్య పాడైతే నేరుగా మెకానిక్కు దగ్గరికి వెళ్లారనీ తేలితే, మీకు బేస్‌లైన్ లేని లోటు సగం తీరినట్టే.


సమాధానం: లెక్కలపుస్తకం

నాగలిచాలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. బేస్‌లైన్ గురించి మాత్రం కొంచెం వివరంగా రాయాలనుంది, ఎందుకంటే అది లేదని దిగులుపడేవాళ్లలో చాలామందికి, ఉన్నా అది తమను తప్పుదారి పట్టించి ఉండేదని తెలియదు.

శిక్షణకు ముందు ఒక సంఘ సభ్యురాలిని లెక్కల నిర్వహణలో మీ నైపుణ్యానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారని అడిగితే ఆమె ఏడు అంటుంది. లెక్కల నిర్వహణ అంటే వచ్చిన డబ్బూ పోయిన డబ్బూ గుర్తుపెట్టుకోవడం అని ఆమె అప్పటికి అనుకుంటోంది. శిక్షణలో అసలు, వడ్డీ, మొండి బకాయి, నిల్వ సరిచూడటం వంటివన్నీ నేర్చుకున్నాక అదే ప్రశ్న అడిగితే ఆలోచించి అయిదు అంటుంది. కాగితం మీద ఆమె సామర్థ్యం రెండు మార్కులు పడిపోయింది, వాస్తవంలో ఆమె కొలబద్దే మారింది. జార్జ్ హోవర్డ్, ఆయన సహచరులు 1979లో ఈ చిక్కును పరిశీలించి దీనికి ఒక దారి సూచించారు. శిక్షణ పూర్తయ్యాక ఒకేసారి రెండు ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు మీకు ఎంత వచ్చు, ఇప్పటి మీ అవగాహనతో వెనక్కి తిరిగి చూస్తే అప్పుడు మీకు ఎంత వచ్చేది? రెండు జవాబులూ ఒకే కొలబద్ద మీద ఉంటాయి కాబట్టి వాటిని పోల్చడం న్యాయంగా ఉంటుంది. మీరు ఈ పద్ధతిని ఈ నాలుగు నెలల్లోనే వాడవచ్చు.

దీనిలోనూ ఒక ప్రమాదం ఉంది. శిక్షణ ఇచ్చినవారిని సంతోషపెట్టాలన్న మర్యాదతో అప్పటి స్థితిని మరీ తక్కువ చేసి చెప్పేవారు ఉంటారు. అందుకని ఈ జవాబులను ఒంటరిగా నమ్మవద్దు. పొదుపు సంఘమైతే పాత పాస్‌బుక్కులు, నీటి కమిటీ అయితే విడిభాగాలు కొన్న రసీదులు, గోడ మీది బొగ్గు రాతలు, ఇలాంటివి ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడని సాక్ష్యాలు. మీకు దొరికిన ఆ గోడను తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకున్నారనే ఆశిస్తున్నాను. వాన ఏ రోజు పడుతుందో చెప్పలేం.

రెండో విషయం, పెరిగిన సామర్థ్యంలో ప్రాజెక్టు వాటా ఎంత అన్నది. నిధులిచ్చే సంస్థ ఆ ప్రశ్న తప్పకుండా వేస్తుంది. అయిదేళ్లలో ఊరికి రోడ్డు వచ్చి ఉండవచ్చు, ఫోన్లు వచ్చి ఉండవచ్చు, చదువుకున్న కోడళ్లు వచ్చి ఉండవచ్చు. మార్పు అంతా మాదే అని రాయడం అబద్ధమవుతుంది, ఎంత శాతం మాదో లెక్కగట్టడం అసాధ్యం. కెనడా ఆడిటర్ జనరల్ కార్యాలయంలో పనిచేసిన జాన్ మేన్ రూపొందించిన కాంట్రిబ్యూషన్ విశ్లేషణ ఇక్కడ ఉపయోగపడుతుంది. శిక్షణ నుంచి మార్పు వరకు జరిగిందని మనం నమ్ముతున్న కథను ముందుగా మెట్టుమెట్టుగా రాసుకోవాలి. ఒక్కో మెట్టుకూ సాక్ష్యం వెతకాలి. అదే మార్పును వివరించగల ఇతర కారణాలను మనమే ముందుకు తెచ్చి, అవి నిలుస్తాయో లేదో నిజాయితీగా పరీక్షించాలి. ఉదాహరణకు, రెండో ఊళ్లో డబ్బాలో వాషర్లు దాచే అలవాటు ప్రాజెక్టు శిక్షణ నుంచే వచ్చిందా, లేక ఆ పెద్దాయనకు ముందునుంచీ మరమ్మతు పని తెలుసా? చెలమ గారు ఇది అడిగి ఉండకపోతే మళ్లీ వెళ్లి అడగాలి. ముందునుంచీ తెలుసని తేలితే ఆ ఊరి సామర్థ్యం తగ్గదు, ప్రాజెక్టు ఖాతాలో వేసుకోవాల్సింది తగ్గుతుంది. ఈ రెండూ వేరువేరు వాక్యాలుగా నివేదికలో ఉండాలి.

కొందరు శిక్షణ జరగని పొరుగు ఊళ్లతో పోల్చమని సలహా ఇస్తారు. ముందే అలా ప్రణాళిక వేసుకుని ఉంటే మంచిదే. చివరి నాలుగు నెలల్లో హడావిడిగా ఎంచుకున్న పొరుగు ఊళ్లతో పోలిక నన్ను ఎప్పుడూ ఒప్పించలేకపోయింది. చురుకైన ఊళ్లనే ప్రాజెక్టు మొదట్లో ఎంచుకుని ఉంటే, ఆ తేడా అంతా శిక్షణ ఫలితంగా కనిపిస్తుంది.


సమాధానం: అడుగుజాడ

నేను మూల్యాంకనం చేసేవైపు మనిషిని కాను. పదకొండేళ్లు ఊళ్లు తిరిగి సంఘాలతో కూర్చున్న క్షేత్ర కార్యకర్తను. మొదటి ఊరి పుస్తకం రాసింది నాలాంటి ఒక మనిషే కాబట్టి ఆ వైపు నుంచి కొన్ని మాటలు చెప్పాల్సి ఉంది.

ఆ చేతిరాతను మోసంగా నివేదికలో రాయవద్దని చెలమ గారిని కోరుతున్నాను. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో నెలాఖరున మా పనితీరును ఎన్ని సంఘాల పుస్తకాలు పూర్తిగా ఉన్నాయన్న ఒక్క సంఖ్యతో చూసేవారు. నా కింద ఇరవై రెండు సంఘాలు ఉండేవి. సభ్యురాలి పక్కన కూర్చుని ఆమె చేత ఒక పేజీ రాయించడానికి గంటన్నర పట్టేది, నేనే రాస్తే పది నిమిషాల్లో అయిపోయేది. మొదటి రెండు నెలలు రాయించాను. మూడో నెల నుంచి నేనే రాశాను. సంఘాలు బాగున్నాయని నాకు మెచ్చుకోలు వచ్చింది, ఆ రోజు ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. ఒక గుర్తును లక్ష్యంగా మార్చి దాని మీద ఒత్తిడి పెడితే ఆ గుర్తు దేన్నైతే సూచించాలో దాన్ని సూచించడం మానేస్తుందని ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం విషయంలో అన్న మాట మినిట్స్ పుస్తకాలకు కూడా అక్షరాలా వర్తిస్తుందని తరవాత చదివి తెలుసుకున్నాను. కాబట్టి ఆ కార్యకర్తను విడిగా కూర్చోబెట్టి, మీ పనిని ఏ లెక్కన చూసేవారని అడగండి. మొత్తం మూల్యాంకనంలో అంతకన్నా ఉపయోగపడే ఇంటర్వ్యూ మీకు దొరకకపోవచ్చు. ప్రాజెక్టు తన సొంత సూచికలతోనే సామర్థ్యం పెరగకుండా అడ్డుకుని ఉంటే, అది నివేదికలో మొదటి పేజీకి రావాల్సిన విషయం.

ఇంకొకటి. సంఘం సామర్థ్యం అని మనం అంటున్నది చాలాచోట్ల ఒకే మనిషి సామర్థ్యం. చదువుకున్న ఒక అమ్మాయి ఉంటుంది, అన్ని శిక్షణలకూ ఆమెనే పంపుతారు, బ్యాంకుకూ ఆమే వెళ్తుంది, ఎవరు పరిశీలనకు వచ్చినా ఆమే మాట్లాడుతుంది. ఆమెకు పెళ్లయి వేరే ఊరు వెళ్లిన నెల నుంచి సంఘం ఆగిపోతుంది. ఇలా ఆగిపోయిన సంఘాలను నేను కళ్లారా చూశాను. అందుకని ఏ సంఘానికి వెళ్లినా పదవుల్లో ఉన్నవాళ్లను కాసేపు పక్కన ఉండమని మర్యాదగా అడిగి, మిగతా సభ్యులతో మాట్లాడండి. నిల్వ ఎంత ఉంది, క్రితం నెల అప్పు ఎవరికి ఇచ్చారు, ఆమెకే ఎందుకిచ్చారు, పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది, అధ్యక్షురాలితో మీకు అభిప్రాయభేదం వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి. చివరి ప్రశ్నకు వచ్చే నిశ్శబ్దం కూడా జవాబే. అలాగే ఎవరెవరు మాట్లాడారు, ఎవరు అసలు నోరు విప్పలేదు, కమిటీలో సభ్యులుగా పేర్లున్న ఆడవాళ్ల బదులు వాళ్ల భర్తలు వచ్చి కూర్చున్నారా అన్నది మీ నోటుపుస్తకంలో ఒక మూల రాసుకోండి. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌర భాగస్వామ్యానికి గీసిన ఎనిమిది మెట్ల నిచ్చెనలో అట్టడుగున జనాన్ని పేరుకు కూర్చోబెట్టి వాడుకోవడం ఉంటుంది, పైమెట్టున నిర్ణయం పూర్తిగా వాళ్ల చేతుల్లో ఉండటం ఉంటుంది. ఒకే కమిటీలో అధ్యక్షుడు ఏడో మెట్టు మీదా, చివరి వీధి నుంచి వచ్చిన సభ్యురాలు రెండో మెట్టు మీదా ఉండవచ్చు. సగటు తీస్తే ఆ ఇద్దరూ మాయమవుతారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీరు సంఘాలకు మార్కులు వేసి నివేదికలో ఊళ్ల పేర్లతో పెడితే, తక్కువ మార్కులు వచ్చిన సంఘానికి రేపు బ్యాంకు అప్పు ఆగిపోయే అవకాశం ఉంది. వాళ్లు మీతో దాపరికం లేకుండా మాట్లాడినందుకు వాళ్లకు జరిగే శిక్ష అది. మాట్లాడే ముందే ఈ సమాచారం ఎవరికి వెళ్తుందో, ఎవరికి వెళ్లదో వాళ్లకు చెప్పండి, నివేదిక పూర్తయ్యాక అందులో ఏముందో వెనక్కి వచ్చి వాళ్లకు చదివి వినిపించండి. ఎన్నో బృందాలు వచ్చి అడిగి రాసుకువెళ్లడం చూశాను, తిరిగి వచ్చి చెప్పినవాళ్లను ఒక్కసారే చూశాను.


చెలమ

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. అడుగుజాడ గారి సమాధానం చదివాక ఆ కార్యకర్తకు ఫోను చేశాను. మీరు ఊహించినట్టే, వాళ్ల నెలవారీ సమీక్షలో పుస్తకాల పూర్తి స్థితికి విడిగా మార్కులు ఉండేవట. చాలాసేపు మాట్లాడింది. శిక్షణలో చెప్పినదాన్ని ఊళ్లో సాధన చేయించడానికి తనకు రోజులే మిగిలేవి కావని, మూడు రోజుల తరగతి ముగియగానే తరవాతి తరగతికి మనుషులను పోగుచేయాల్సి వచ్చేదని చెప్పింది. గోడను ఫొటో తీయలేదు, ఈ వారమే వెళ్తున్నాను.

ఒక ఇబ్బంది ఇంకా మిగిలి ఉంది. నిధులిచ్చిన సంస్థవారితో నిన్న మాట్లాడాను. సంఘటనలు, కథనాలు బాగానే ఉంటాయి గానీ తమ బోర్డు ముందు పెట్టడానికి సంఖ్యలు కావాలన్నారు. వారి అవసరం కూడా నాకు అర్థమవుతుంది, వారూ ఎవరికో జవాబు చెప్పుకోవాలి. మార్కుల పట్టికకు తిరిగి వెళ్లకుండా సంఖ్య ఇవ్వడానికి మార్గం ఉందా?


సమాధానం: లెక్కలపుస్తకం

ఉంది. సంఘాలకు మార్కులు వేయడం మాని సంఘటనలను లెక్కపెట్టండి. నలభై ఊళ్లలో రెండేళ్ల కష్టాల వరస రాయిస్తే మీ దగ్గర నూటయాభై, రెండువందల సంఘటనలు పోగవుతాయనుకోండి. వాటిలో ఎన్ని ప్రాజెక్టు సాయం లేకుండా చక్కబడ్డాయి, ఎన్ని సాయంతో చక్కబడ్డాయి, ఎన్ని అలాగే మిగిలిపోయాయి అన్నది లెక్కించవచ్చు. చక్కబడటానికి పట్టిన రోజులను ఏడాదివారీగా పక్కపక్కన పెట్టవచ్చు. ప్రాజెక్టు సాయం మొదటి ఏడాది సంఘటనల్లో ఎంత ఉంది, రెండో ఏడాది ఎంత ఉంది అన్నది ఒక్క చిన్న పట్టికలో ఇమిడిపోతుంది. బోర్డు సభ్యులకు అది ఇరవైకి పద్దెనిమిది అన్న అంకె కన్నా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఆ సంఖ్య వెనక ఒక పంపూ, కొన్ని ఇళ్లూ కనిపిస్తాయి.

సంఘటనలను ఒకే పద్ధతిలో వర్గీకరించడానికి ఇద్దరు మనుషులు విడివిడిగా కూర్చుని ఓ ముప్పై సంఘటనలను విభజించి, ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకుని, నిర్వచనాలను దిద్దుకున్నాకే మిగతావాటికి వెళ్లండి. ఈ మెట్టును వదిలేసిన నివేదికలను ఎవరైనా రెండు ప్రశ్నలతో పడగొట్టగలరు.


సమాధానం: నాగలిచాలు

పై సలహాకు ఒక చిన్న చేర్పు. సంఖ్యలతో పాటు నాణ్యతను కూడా క్రమపద్ధతిలో చూపాలనుకుంటే, కెనడాలోని అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం 2001లో ప్రచురించిన అవుట్‌కమ్ మ్యాపింగ్ పద్ధతిలోని ప్రగతి గుర్తులు చూడండి. అందులో ఫలితం అంటే మనుషుల ప్రవర్తనలో, సంబంధాల్లో, పనుల్లో వచ్చిన మార్పు. ఆ మార్పులను మూడు వరసల్లో రాసుకుంటారు: తప్పక కనిపించాల్సినవి, కనిపిస్తే బాగుండునన్నవి, కనిపిస్తే మనసు నిండేవి. నీటి కమిటీ సమావేశాలు జరపడం మొదటి వరస. రుసుము కట్టని పెద్దింటివారిని కూడా అడగగలగడం రెండో వరస. మరో ఊరి కమిటీకి వీళ్లే వెళ్లి పని నేర్పడం మూడో వరస. ఈ గుర్తులను కార్యాలయంలో రాసుకోకుండా రెండు మూడు ఊళ్ల కమిటీలతోనే రాయించండి. వాళ్లు మనకు తట్టని గుర్తులు చెబుతారు. ఒకచోట నాకు చెప్పిన గుర్తు ఇది: సమావేశానికి పిలిస్తే ఎందుకు అని అడగకుండా వచ్చేవాళ్లు తగ్గి, ఎందుకు అని అడిగి వచ్చేవాళ్లు పెరగడం. ఆ రోజు నుంచి నేను హాజరు సంఖ్య తగ్గితే వెంటనే కంగారుపడటం మానేశాను.

కథనాల విషయంలో రిక్ డేవిస్ 1990లలో బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణాభివృద్ధి కార్యక్రమంలో మొదలుపెట్టిన అత్యంత ముఖ్యమైన మార్పు పద్ధతి పనికొస్తుంది. సభ్యులు చెప్పిన మార్పు కథనాల్లోంచి ఏది ముఖ్యమో ఒక్కో స్థాయిలో ఎంచుకుంటూ, ఎందుకు ఎంచుకున్నారో రాసిపెడతారు. ఆ ఎంపిక కారణాల్లోనే ఎవరి విలువలు ఏమిటో బయటపడతాయి. మంచి కథలే పోగవుతాయన్నది దాని బలహీనత, అందుకని నిరాశ కలిగించిన మార్పును కూడా తప్పక ఒకటి అడగండి.

ఇక నిధులిచ్చిన సంస్థతో మీరు మాట్లాడే స్థితిలో ఉన్నారు కాబట్టి ఒక విన్నపం వారి ముందు పెట్టండి. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ వారి అభివృద్ధి సహాయ కమిటీ 1991లో పెట్టిన మూల్యాంకన ప్రమాణాలు అయిదు, 2019లో పొందికను ఆరోదిగా చేర్చారు. మొదటి నుంచీ ఉన్నవాటిలో సుస్థిరత ఒకటి. ప్రాజెక్టు సిబ్బంది ఇంకా ఊళ్లోనే ఉన్న నెలలో సుస్థిరత గురించి మీరు రాయగలిగేది అంచనా మాత్రమే. ప్రాజెక్టు ముగిసిన పద్దెనిమిది నెలలకు ఇవే నలభై ఊళ్లలో పదింటికైనా ఒక మనిషి వెళ్లి అవే ప్రశ్నలు అడిగి రావడానికి అయ్యే ఖర్చును ఇప్పుడే పక్కన పెట్టమనండి. ముగింపు నివేదిక ముద్రణకు అయ్యే ఖర్చు కన్నా అది పెద్దదేమీ కాదు.


చెలమ

ఆ విన్నపం ఈరోజే పంపించాను. పది ఊళ్లకు ఒప్పుకోలేదు గానీ ఆరింటికి ఒప్పుకున్నారు, ఆ ఆరింటినీ చీటీలు తీసి ఎంచుకోవాలని నేను పెట్టిన షరతుకు కూడా సరే అన్నారు.

రెండో ఊరికి వెళ్లి వచ్చాను. గోడ అలాగే ఉంది, ఫొటో తీశాను. పెద్దాయనను అడిగితే మరమ్మతు పని తనకు యౌవనం నుంచీ తెలుసన్నాడు. లెక్కలపుస్తకం గారి అనుమానం నిజమైందనుకుని అది రాసుకుంటుండగా, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు అడ్డుతగిలారు. పంపు విప్పడం ఆయనకు ముందునుంచీ తెలుసట, కానీ శిక్షణకు వెళ్లి వచ్చిన తరవాతే ఆయన తమకు కూడా నేర్పాడట, క్రితంసారి పంపు విప్పింది తామేనట. వాషర్లను దాచమన్నది కూడా వాళ్లలో ఒకామె. ఏది ఎంతకాలం వచ్చిందో తెలిస్తే తరవాతిది పాడవకముందే కొనిపెట్టుకోవచ్చని ఆమెకు తోచిందట. వాళ్లలో ఎవరి పేరూ కమిటీ జాబితాలో లేదు, శిక్షణ హాజరు పట్టికలోనూ లేదు. సోమవారం నుంచి మిగతా ఊళ్లు మొదలుపెడుతున్నాం. క్రితంసారి పంపు విప్పింది ఎవరు అన్న ప్రశ్నను మొదటి పేజీలో పైకి తెచ్చి, జవాబుగా వచ్చిన మనిషితోనే మిగతా ప్రశ్నలు మాట్లాడాలని మా బృందం నిర్ణయించుకుంది.